చుట్టూ ఉండటం వేరు, చుట్టుముట్టడం వేరు: ఒక డచ్చి క్రియని ఇంగ్లీషులోకి దించే పద్ధతి

పదేళ్ల కిందట గాజువాక దగ్గర ఒక యార్డువాళ్లు పదకొండు పేజీల డచ్చి భద్రతా కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో ఇంగ్లీషులోకి కావాలన్నారు. గ్యాస్ సిలిండర్లు ఉంచే జాగా 'ఒమ్‌హైన్ట్' అయి ఉండాలని అందులో ఒక వాక్యం. రాత్రి పదకొండు దాటింది, కళ్లు మూతలు పడుతున్నాయి. 'ఒమ్' అంటే చుట్టూ అనేగా అన్న ధీమాతో 'ఎన్‌సర్కిల్డ్' అని కొట్టి పంపేశాను.

తర్వాతి వారం వెళ్లి చూద్దును కదా, సిలిండర్ల చుట్టూ నేల మీద నాలుగంగుళాల వెడల్పున పసుపు పెయింటుతో గుండ్రటి గీత. కొలత పెట్టి గీసినట్టు ఎంత ముచ్చటగా ఉందో! సర్వేయరు గీతని చూశాడు, నన్ను చూశాడు, "కంచె ఏదండీ?" అన్నాడు. పెయింటరు మాత్రం నిమ్మళంగా, "బాబుగారూ, కాయితంలో సర్కిలని ఉందన్నారు, సర్కిలేసీసాం" అన్నాడు. అతని తప్పు కాదు. 'హైనింగ్' అంటే డచ్చిలో కంచె. ఒమ్‌హైనెన్ అంటే కంచె వెయ్యడం. ఇంగ్లీషులో 'ఫెన్స్‌డ్' అని రాస్తే సరిపోయేది.

నేను డ్రెడ్జర్ల (నీటి అడుగున పూడిక తీసే ఓడల) మీద ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. కొత్త ఓడ కడుతున్నప్పుడు స్టాండ్‌బై డ్యూటీ మీద హాలండులో కిండర్‌డైక్‌లో పద్నాలుగు నెలలున్నాను. 19 పాత గాలిమరలు ఒకే చోట ఉండే ఊరది, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. డచ్చి అక్కడి వెల్డర్ల దగ్గర, రొట్టెల కొట్లో నేర్చుకున్నదే. ఇప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీలో కూచుని పంపు మాన్యువళ్లు, ఉత్తరాలు ఇంగ్లీషులోకి మారుస్తుంటాను. మా అక్క కూతురికి హాలండులోనే డెల్ఫ్ట్‌లో సీటొచ్చింది. వెళ్లేలోపు నాలుగు ముక్కలు నేర్పమంది. "ఈ వయసులో మావయ్యకి డచ్చి గోలేటి?" అని ఇంట్లో నవ్వుతారు గానీ, బీచ్ రోడ్డు పట్టుకుని నేరుగా పోతే వచ్చే భీమిలిలో 17వ శతాబ్దం నుంచి 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించేదాకా డచ్చివాళ్ల కోఠీ ఉండేది. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మనకి మరీ పరాయి భాషేం కాదు.

ఆ పిల్ల మొదటి వారంలోనే 'ఒమ్‌సింగెలెన్' దగ్గర ఆగిపోయింది. నిఘంటువు తీస్తే సరౌండ్, ఎన్‌సర్కిల్, బిసీజ్ అని మూడు మాటలు వరసగా కనిపిస్తాయి. ఏది ఎప్పుడు వాడాలో అందులో ఉండదు. ఇలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు మాటని విప్పి చూడండి. 'ఒమ్' అంటే చుట్టూ. 'సింగెల్' అంటే నడుముకి కట్టే పట్టీ, గుర్రానికి జీను కదలకుండా పొట్ట కింద నుంచి బిగించే పటకా. లాటిన్లో నడికట్టుకున్న పేరు ఫ్రెంచి మీదుగా డచ్చిలోకి వచ్చింది. మన లెక్కలో మొలతాడో వడ్డాణమో అనుకోండి. ఊరికి వడ్డాణంలా చుట్టూ తవ్విన అగడ్తని కూడా సింగెల్ అనే అంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సింగెల్ అనే కాలువ 1585 దాకా ఆ ఊరికి అగడ్తే. యూట్రెక్ట్‌లో ఒకప్పుడు అగడ్తలో కొంత భాగం పూడ్చి పెద్ద రోడ్డు వేశారు. తర్వాత బుద్ధొచ్చి దాన్ని తవ్వి మళ్లీ నీళ్లు పారించారు, 2020లో వలయం పూర్తయింది. పలికేటప్పుడు ఒక సంగతి: సింగెల్లో 'గ' విడిగా వినపడదు. బడిలో దిద్ది ఆనక ఎక్కడా వాడని మన 'ఙ' ఉంది చూశారూ, అది ఇక్కడ పనికొస్తుంది.

ఒత్తు ఎక్కడ పడుతుందో కూడా చెవిన పెట్టుకోండి. ఒమ్‌సింగెలెన్, ఒమ్‌రింగెన్, ఒమ్‌ఖేవెన్ వంటి చుట్టూ ఉండే మాటలన్నిటిలో ఒత్తు 'ఒమ్' మీద కాకుండా తర్వాతి అక్షరం మీద పడుతుంది. ఇవి విడిపోవు, పాస్ట్ పార్టిసిపుల్‌లో (పని అయిపోయిందని చెప్పే రూపంలో) 'ఖె' చేరదు. 'ఒమ్‌వాలెన్' అంటే మాత్రం ఒరిగి పడిపోవడం, 'ఒమ్‌రైడెన్' అంటే దారి మూసేస్తే చుట్టు తిరిగి బండి మీద పోవడం. వీటిలో ఒత్తు 'ఒమ్' మీదే. వాక్యంలో 'ఒమ్' విడిపోయి చివరికి పోతుంది, పాస్ట్ పార్టిసిపుల్‌లో మధ్యలో 'ఖె' దూరుతుంది. కాబట్టి కాగితంలో ఒమ్‌రైడెన్ నుంచి వచ్చిన 'ఒమ్‌ఖెరేడెన్' లాంటిది కనిపిస్తే అక్కడ ఎవరూ ఎవరినీ చుట్టుముట్టలేదని అర్థం.

ఇక అసలు పద్ధతి. డచ్చి నుంచి ఇంగ్లీషులోకి తిన్నగా దూకొద్దు, మధ్యలో తెలుగు మెట్టు మీద ఒక్క క్షణం ఆగండి. ఇంగ్లీషులో 'సరౌండ్' అనే ఒక్క మాట ఇంటిల్లిపాది పనీ చేస్తుంది. తెలుగు అలా ఊరుకోదు. కొండలు చుట్టూ ఉంటాయి, పోలీసులు చుట్టుముడతారు, మంచు కమ్ముకుంటుంది, సైన్యం ముట్టడిస్తుంది, పొలానికి దడి కడతాం, జవాబుకి సున్నా చుడతాం. డచ్చి కూడా అచ్చం మనలాగే వీటన్నిటికీ వేరువేరు మాటలు పెట్టుకుంది. అందుకే డచ్చి వాక్యం చదవగానే ఇది తెలుగులో ఏ చుట్టు అని అడగండి. ఆ జవాబు దొరికాకే ఇంగ్లీషు మాట వెతకండి. పసుపు పెయింటు రోజున నేను చెయ్యనిది అదే.

మా మేనకోడలికి ఇచ్చిన మొదటి లెక్క మన ఊరే. విశాఖకి ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ (దాని కొసే డాల్ఫిన్ నోస్), పడమట తూర్పు కనుమలు, నాలుగో వైపు సముద్రం. దీన్ని డచ్చిలో చెప్పమంటే 'కొండలతో ఒమ్‌సింగెల్ట్' అంది.

"అలాగైతే కొండలు కత్తులు పట్టుకుని మన మీదకొస్తున్నట్టే అమ్మలూ," అన్నాను.

"ఏటి మావయ్యా, రెండూ చుట్టూ ఉండటమే కదా?"

"డాల్ఫిన్ నోస్ ఎప్పుడైనా మనల్ని చుట్టుముట్టిందా?"

నవ్వింది. ఆ నవ్వులో విషయం అర్థమైపోయింది. ఒమ్‌సింగెలెన్‌లో చేసేవాళ్లుంటారు, వాళ్లకో ఉద్దేశముంటుంది, లోపలున్నవాడు బయటికి పోకూడదు. లోపలున్నవాడికి ఆ ఉద్దేశం మంచిది కాదు. కొండలకీ చెట్లకీ చుట్టాలకీ 'ఒమ్‌రింగెన్' వాడతారు, దానికి ఇంగ్లీషు 'సరౌండెడ్ బై'. మూడు వైపులే కదా అని అనుమానం అక్కర్లేదు, ఇంగ్లీషులో 'సరౌండెడ్ ఆన్ త్రీ సైడ్స్' అంటే తప్పు పట్టరు. 'ఎన్‌సర్కిల్డ్' అని రాస్తే మాత్రం చదివేవాడు నాలుగో కొండ కోసం వెతుక్కుంటాడు.

మరి ఒమ్‌సింగెలెన్‌కి ఏం రాయాలి? పోలీసులు, ఇల్లు, దొంగలు అయితే నూటికి తొంభైసార్లు సరౌండే. సినిమాలో మైకు పట్టుకుని 'ఉ బెంట్ ఒమ్‌సింగెల్ట్' అని అరిస్తే ఇంగ్లీషులో 'యు ఆర్ సరౌండెడ్'. అక్కడ 'ఎన్‌సర్కిల్డ్' పెడితే ఇన్‌స్పెక్టరు జామెట్రీ పాఠం చెబుతున్నట్టుంటుంది. సైన్యాల కదలికల గురించైతే ఎన్‌సర్కిల్ బావుంటుంది. 1942 నవంబరులో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మన్ ఆరో సైన్యం రెండు వైపుల నుంచి వచ్చిన సోవియట్ దళాల మధ్య చిక్కుకుంది. రెండు కొసలు కలిసి వలయం మూసుకుపోయిన ఆ క్షణాన్ని చెప్పడానికి ఎన్‌సర్కిల్‌ని మించిన మాట లేదు. వలయం పూర్తవడమే ముఖ్యమైన చోట ఎన్‌సర్కిల్, లోపలివాడి గతి ముఖ్యమైన చోట సరౌండ్. ఈ రూలు ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, కాగితాలతో కుస్తీ పట్టగా నాకు తేలింది. ఇంతవరకూ మోసం చెయ్యలేదు.

చాలామంది దెబ్బతినే చోటు ఇంకొకటుంది, అది క్రియలో కాదు, దాని పక్కనున్న చిన్న మాటలో. డచ్చిలో 'హెట్ హౌస్ వోర్ట్ ఒమ్‌సింగెల్ట్', 'హెట్ హౌస్ ఇస్ ఒమ్‌సింగెల్ట్' అని రెండు రకాలుగా రాస్తారు. ఇంగ్లీషు అలవాటున్న కంటికి రెండూ 'ది హౌస్ ఈజ్ సరౌండెడ్' లాగే కనిపిస్తాయి. కాదు. 'వోర్ట్' ఉంటే పని ఇంకా జరుగుతోంది: ఇంటిని చుట్టుముడుతున్నారు, ఇంగ్లీషులో 'ఈజ్ బీయింగ్ సరౌండెడ్'. 'ఇస్' ఉంటే పని అయిపోయింది: చుట్టుముట్టేశారు, ఇంగ్లీషులో 'హాజ్ బీన్ సరౌండెడ్' గానీ 'ఈజ్ సరౌండెడ్' గానీ. మొదటి వాక్యంలో దొంగ పెరటి దారిన పారిపోవచ్చు. రెండోదాంట్లో కుదరదు. 'చుట్టుముడుతున్నారు', 'చుట్టుముట్టేశారు' అని తెలుగులో పైకి అని చూడండి, తేడా నోటికే తెలిసిపోతుంది. మా పిల్ల చేత ఇరవై వాక్యాలు రాయిస్తే పదకొండింటిలో ఇదే తప్పు. అందుకే దీని మీద ఒక సాయంత్రమంతా పెట్టాం, మధ్యలో రెండుసార్లు టీ, ఒకసారి మిరపకాయ బజ్జీలు.

తర్వాత బిసీజ్. ఇక్కడ మన తెలుగే మనల్ని ముంచుతుంది. పేపరు తీస్తే 'కలెక్టరేట్ ముట్టడి' అని ఉంటుంది. పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నం భోజనాల వేళకి ముగుస్తుంది. ముట్టడికి నిఘంటువులో సీజ్ అని ఉంది కదా అని 'బిసీజ్డ్ ది కలెక్టరేట్' అని రాస్తే, బయటి దేశపువాడు లోపల కలెక్టరు గారు నెల రోజులుగా తిండి లేక ఎలకల్ని పట్టుకుంటున్నారనుకుంటాడు. ముట్టడిలో వలయంతో పాటు మకాం కూడా ఉంటుంది: బయట గుడారాలు, లోపల ఆకలి. దానికి డచ్చిలో వేరే మాట ఉంది, 'బెలేఖెరెన్'. 'లేఖెర్' అంటే సైన్యం, సైన్యం మకాం. ఎవరి ఊరి ముందో దండు దించి కూచోవడం అన్నమాట. 1573లో స్పెయిన్ సైన్యం లైడెన్ ఊరి ముందు అలాగే కూచుంది. 1574 అక్టోబరు 3న ఊరికి విముక్తి వచ్చింది. ఎలాగంటే, డచ్చివాళ్లు తమ కరకట్టల్ని తామే తెగ్గొట్టి పొలాల మీదకి నీళ్లు వదిలి, ఆ నీళ్ల మీద పడవల్లో సాయం తెచ్చారు. ఇవాళ్టికీ ఆ రోజు లైడెన్‌లో హెర్రింగు చేప, తెల్ల రొట్టె, దుంపలూ క్యారెట్టూ మెదిపిన కూరా తింటారు. డచ్చి కాగితంలో ఒమ్‌సింగెలెన్ ఉంటే బిసీజ్ జోలికి పోకండి, దాన్ని బెలేఖెరెన్ కోసం దాచి ఉంచండి.

ఒక పిట్టకథ. 'సరౌండ్' మూలం చూస్తే 'రౌండ్'కీ దానికీ చుట్టరికం లేదు. లాటిన్లో పొంగి పొర్లడం, నీళ్లు మీద నుంచి ముంచెత్తడం అనే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. రౌండ్‌లా వినపడుతోందని జనం దాన్ని 'చుట్టూ'కి లాగేశారు. లైడెన్‌లో స్పెయిన్ వాళ్లకి జరిగింది పాత అర్థంలో అచ్చమైన సరౌండ్. కాగితం దిద్దేటప్పుడు దీనివల్ల ఉపయోగమేమీ లేదు, నాకు ఇష్టం కాబట్టి చెప్పాను.

ఉపయోగపడే పిట్టకథ ఇంకొకటుంది. ఇంగ్లీషులో 'బెలీగర్' అనే మాట ఈ బెలేఖెరెన్ నుంచే 16వ శతాబ్దంలో వెళ్లింది. పోలిక చూసి మురిసిపోయి రెంటికీ ముడిపెట్టకండి. ఇప్పటి ఇంగ్లీషులో 'బెలీగర్డ్' అంటే ఎక్కువగా నాలుగు వైపుల నుంచీ కష్టాలూ విమర్శలూ మీద పడి సతమతమవుతున్న మంత్రి, కంపెనీ, టీము కోచి. అసలు కోట ముట్టడికి 'బిసీజ్' అనే రాయండి.

మన దగ్గర తరచూ వచ్చే ఇంకో ఆశ 'ఘెరావ్'. కార్మికులు మేనేజరు కారుని చుట్టుముట్టారన్న డచ్చి వాక్యం వస్తే మన చెయ్యి తనంతట తానే ఘెరావ్ అని రాస్తుంది. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ మాట ఉంది, నిజమే. చదివేవాడు చెన్నైలోనో కోల్‌కతాలోనో ఉంటే వాడండి. రాటర్‌డామ్‌లో ఇన్సూరెన్సు వాళ్లయితే వద్దు, 'సరౌండెడ్ ది మేనేజర్స్ కార్' అని సాదాగా పోనివ్వండి.

మిగతా బంధువర్గాన్ని గబగబా చెప్పేస్తాను. 'ఒమ్‌సిర్కెలెన్' అంటే ప్రశ్నపత్రంలో సరైన జవాబుకి సున్నా చుట్టడం. ఇంగ్లీషులో 'సర్కిల్' అంతే, ముందు 'ఎన్' తగిలించొద్దు. 'ఒమ్‌మ్యూరెన్' అంటే ప్రహరీ కట్టడం, 'వాల్డ్ గార్డెన్' అన్నప్పటి వాల్డ్. 'ఒమ్‌జోమెన్' అంటే బట్టకి అంచు కుట్టినట్టు బారులు తీరడం. చెట్లు బారుగా ఉన్న వీధిని 'ట్రీ లైన్డ్' అనాలి, చెట్లతో సరౌండ్ అయిన వీధి అంటే అడవిలో తప్పిపోయిన వీధి అవుతుంది. 'ఒమ్‌స్లౌటెన్' మాన్యువళ్లలో ఎక్కువ: షాఫ్టు చుట్టూ సీలు బిగుతుగా పట్టి ఉండటం, 'ఎన్‌క్లోజ్' రాయండి. 'ఇన్‌స్లౌటెన్' అలా కాదు, రెండు నాలుకలది. ఉత్తరంలో కనిపిస్తే 'ఇందుతో జతపరచిన' అని, యుద్ధంలో కనిపిస్తే ఎటూ కదలకుండా 'హెమ్‌డ్ ఇన్' అని, ఉత్తర సముద్రాల్లో ఓడ విషయమైతే మంచులో ఇరుక్కుపోయిందని. 'ఒమ్‌ఖేవెన్' మెత్తటి మాట, పచ్చదనం చుట్టూ ఉన్న ఇల్లు అని ఇళ్ల ప్రకటనల్లో తెగ వాడతారు, సరౌండెడ్ చాలు. కానీ ఒక వ్యవహారం 'రహస్యంతో ఒమ్‌ఖేవెన్' అయి ఉందంటే ఇంగ్లీషులో 'ష్రౌడెడ్ ఇన్ మిస్టరీ' అంటారు. అరకు మీద పొద్దున్నే మంచు కమ్మేసినప్పుడు కూడా 'ష్రౌడెడ్' బావుంటుంది.

ఉండటానికీ తిరగడానికీ తేడా ఉందని మరవకండి. ఆషాఢ పున్నమికి సింహాచలం గిరి ప్రదక్షిణకి జనం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. అది ఒమ్‌రింగెనూ కాదు, ఒమ్‌సింగెలెనూ కాదు. డచ్చిలో అలాంటి చోట 'ఒమ్' అని ముందు, 'హేన్' అని వెనక పెట్టి, మధ్యలో కొండని కూచోబెడతారు. ఇంగ్లీషులో 'వాక్ అరౌండ్ ది హిల్'. జనం కొండని సరౌండ్ చేశారని రాస్తే అప్పన్న స్వామిని బయటికి రమ్మన్నట్టే.

వృత్తిపదాల దగ్గర మీ చెవిని నమ్మకండి. ఫిషింగ్ హార్బర్లో రింగు వల అంటే చిన్నపిల్లలకీ తెలుసు, దాని మీద జాలరిపేటల మధ్య గొడవలూ తెలుసు. చేపల గుంపు చుట్టూ వల తిప్పి అడుగున తాడు లాగి సంచిలా బిగిస్తారు. డచ్చిలో దీని పేరు 'రింగ్‌జేఖెన్'. ఇంగ్లీషులో దీన్ని 'పర్స్ సీన్' అంటారు, ఇలాంటి వలల జాతి మొత్తాన్ని 'సరౌండింగ్ నెట్స్' అంటారు. పక్క జాతిలో ఒక రకం వల పేరు మాత్రం 'ఎన్‌సర్క్లింగ్ గిల్‌నెట్'. ఎందుకు ఒకచోట అది, ఇంకోచోట ఇది అని తర్కించకుండా ఆ పనివాళ్లు ఏమంటారో అదే రాయండి.

చివరికి పొల్లు తియ్యడం. మనవాళ్ల ఇంగ్లీషులో 'సరౌండెడ్ ఆల్ అరౌండ్ బై హిల్స్' అని వస్తుంటుంది. 'చుట్టూరా చుట్టుముట్టి' అని తెలుగులో రెండుసార్లు అంటే బలం, ఇంగ్లీషులో అంటే బరువు. 'అరౌండ్' కొట్టెయ్యండి. డచ్చిలో 'డోర్' ఉంటే 'బై', 'మెట్' ఉంటే సాధారణంగా 'విత్', ఇందాకటి రహస్యం దగ్గర 'ఇన్' వచ్చినట్టు కొన్ని మినహాయింపులు తప్పవు.

మా పిల్ల ఆగస్టులో వెళ్లింది. దిగిన వారానికి ఇంటి యజమానురాలికి డచ్చిలో తొలి మెసేజీ పెట్టింది, తన చుట్టూ అందరూ మంచివాళ్లే ఉన్నారని. తొందరలో ఒమ్‌రింగ్ట్ బదులు ఒమ్‌సింగెల్ట్ కొట్టేసింది. ఆవిడ నుంచి జవాబు వెంటనే వచ్చిందట: ఎంతమంది ఉన్నారు, నేను చేతులు పైకెత్తి రావాలా?